నిండిన ట్యాంకు కింద

వాచరు కొనుక్కుందామని పోయి, ఒక మనిషి చావు కబురు తెచ్చుకున్నాను.

మా బాత్రూంలో కొళాయి కారడం మొదలై వారమైంది. రేపొస్తానన్న మనిషి రాలేదు, ఎల్లుండన్న మనిషి ఫోనెత్తలేదు. గోరంత రబ్బరు బిళ్లకు ఇంత బతిమాలుకోవడమేమిటని నాకు రోషం వచ్చింది. నేనే వేసుకుంటానని హార్డ్‌వేర్ షాపుకు పోయాను.

వాచరు చేతిలో పెడుతూ షాపాయన, "ఎవురు ఏస్తారు మేడం?" అన్నాడు.

"నేనే."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "కొళాయి ఆయప్ప ఉన్నింటే ఈ తిప్పలు ఉండవు. ఆయప్ప పోయినాడు గదా, శివరాత్రికి రోంత ముందర." చిల్లర లెక్కపెడుతూ మళ్లీ తనే అందుకున్నాడు. "ఉన్నా మీ వీధికి రాడులే. ట్యాంకు కాళీ చేసినోడని మీ వీధోల్లే గదా పేరు పెట్టింది. మీకు తెలీదా?"

"తెలుసు" అన్నాను.

తెలియకపోవడమేమిటి! ఆయనకు ఆ పేరు రావడానికి కారణం నేను. ట్యాంకు ఖాళీ చేసింది ఆయన కాదు, నేను. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప మూడోవాళ్లకు తెలియదు. ఇప్పుడు ఇద్దరిలో ఒకరు లేరు. షాపు నుంచి ఇంటికి నడిచి వస్తూ ఉంటే చేతిలో వాచరు చెమటకు అంటుకుపోయింది.

ఆయనకు పేరు ఉంది. ఇన్నేళ్లూ నా ఫోన్లో ఆయన 'కొళాయి'. వీధిలో అందరికీ కొళాయి ఆయప్ప. బతికుండగా పేరు పెట్టి పిలవని నేను ఇప్పుడు పేరు రాసి మర్యాద చూపించడం నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని రాయను.

నేను గుంతకల్లులో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. అక్కడ ఏది పాడైనా రిజిస్టర్లో రాసి రావడమే మాకు తెలిసిన రిపేరు. మా నాయన రాసేవాడు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో వచ్చి బాగు చేసి పోయేవారు. అనంతపురంలో లెక్చరర్‌గా చేరి, ఈ మేడ మీది పోర్షన్ అద్దెకు తీసుకునేదాకా నేను పానా పట్టి ఎరగను. కానీ చెప్పేది ఫిజిక్స్. మర ఎటు తిప్పితే బిగుస్తుంది, పిడి ఎంత పొడుగుంటే ఎంత బలం చాలుతుంది, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. చెప్పేవాళ్లకు చేయడం కూడా వచ్చనుకునే జబ్బు మా వృత్తిలో కొంచెం ఎక్కువ.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నా కొళాయి మూతికి ఒక దారం వేలాడుతూ ఉంది. ఆ దారం కట్టి రెండో కొస బకెట్లోకి వదిలితే చుక్క దాని వెంట జారిపోతుంది, టప్ టప్‌మని చప్పుడుండదు. మా వీధిలో అందరూ చేసే పనే. ఆయన యూరియా సంచితో కుట్టించుకున్న పనిముట్ల బ్యాగు కింద పెట్టి, నా ముఖం కూడా చూడకుండా ముందు ఆ దారం తెంపేశాడు.

"చప్పుడు ఇనపడకుండ చేసుకుంటివి. ఇంగ కొళాయి ఎప్పుడు బాగు చేపిస్తావుమ్మా?"

"చేపిచ్చాలనే గదా నిన్ను పిలిచింది."

"దారం కట్టి ఎన్ని దినాలాయ?"

నెల దాటింది.

"చప్పుడు ఉండల్ల. అది తిడతాంటేనే మనిషికి మతికుంటాది" అన్నాడు. తెంపిన దారాన్ని పారేయలేదు. పిండి, జేబులో పెట్టుకుని, పని చివర్లో దానికే తెల్ల రంగు పూసి పైపు మరలకు చుట్టాడు.

ఆయన పానా పిడికి ఒక పాత తువ్వాలు ముక్క కట్టి ఉండేది. కొళాయిని పట్టే ముందు ఆ గుడ్డ తడిపి కొళాయికి చుట్టి, దాని మీద పానా వేసేవాడు. పానా పళ్లు లోహాన్ని ముట్టుకోకూడదు, అదీ పట్టు. "చేతికి గాయమైతే మానుతాది. ఇత్తడికైతే మానదు" అనేవాడు. ఆయన చెయ్యి పడ్డ కొళాయి మీద ఒక్క గీత కనిపించదు. మిగతావాళ్లు బాగు చేసినవి కుక్క కరిచినట్టుంటాయి.

పనయ్యాక ఊరికే పోడు. ఇంటివాళ్లను పిలిచి మూడుసార్లు తెరిపించి, మూసి చూపించమనేవాడు. నేను బలంగా తిప్పితే చెయ్యి అడ్డం పెట్టాడు. "రెండు వేళ్లు చాలు. పిడికిలితో మూసేదానికి అదేమన్నా గొంతా?" అన్నాడు. కింద ఓనరమ్మకు అరవై దాటాయి. ఆమె చేత కూడా మూయించాడు. ఆమె కొళాయిని తిప్పుతూ, "ఏమప్పా, నాకే కొళాయి మూసేది నేర్పిస్తావా?" అని తిట్టింది. ఆయన తలొంచుకుని నవ్వాడు. ఆమె నీళ్లిస్తే సగం గ్లాసు చాలనేవాడు. నిండా పోసిస్తే సగం వెనక్కి పోసిచ్చేవాడు, తాగి మిగల్చడం ఆయన దృష్టిలో తప్పు. కారిన నీళ్లు బకెట్లో ఉంటే వాటికి ఒక దారి చూపించందే గుమ్మం దిగేవాడు కాదు. ఒకసారి నా బకెట్ తీసుకుపోయి వీధి చివర కట్టేసిన ఎవరిదో ఎద్దుకు తాపి వచ్చాడు.

ఆయనది ముదిగుబ్బ పక్క పల్లె. ఎందుకు వచ్చావని అడిగితే ఒకటే జవాబు. "మా ఊర్లో పైపులుండాయి, నీళ్లు లేవు. ఈడ రోంత నీళ్లుండాయి, పైపులు సరిగ్గ లేవు. అందుకే వచ్చినా." అంతకుమించి తవ్వితే లేచి గోడకు చెవి ఆనించి పైపులో చప్పుడు వినేవాడు. చేను గురించి, ఎండిన బోర్ల గురించి ఆయన నోట నేనొక్క మాట వినలేదు.

ఐదేళ్ల కిందట ఓనరమ్మ కూతురికి సీమంతం. మాకు నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి. అంతకు రెండు రోజుల ముందు వచ్చిన నీళ్లన్నీ సంపులోంచి పైకి తోడి, ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ చెంబు లెక్కన వాడుకుని, ట్యాంకు నిండుగా ఉంచారు. మర్నాడు చుట్టాలు దిగుతారు. కొందరికి నా బాత్రూం కూడా కావాలన్నారు. ఆ వారమే నా కొళాయి మళ్లీ కారుతోంది. చుట్టాల ముందు కారే కొళాయి ఎందుకని ఓనరమ్మే ఆయన్ను పిలిపించింది.

సీమంతం ముందురోజు పొద్దున వచ్చాడు. మేడెక్కి ట్యాంకు కింద నీళ్లు ఆపే గేట్ వాల్వ్ తిప్పి చూసి, దిగి వచ్చి, కొళాయి మూతి తడిమి చూసి, పని మొదలుపెట్టకుండానే లేచి నిలబడ్డాడు.

"వాల్వ్ సగానికే ఆగుతాంది. పూర్తిగా పడల్యా. సీమంతం కానీమ్మా, ట్యాంకులో నీళ్లు వాడినాక రెండూ ఒగేసారి మారుస్తా. నిండిన ట్యాంకు కింద పని పెట్టుకోకూడదు."

"వాచరే గదా, ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాల పనే. ఐదు నిమిషాల్లో ట్యాంకూ పోతాది." వెళ్తూ సంచి నా గుమ్మం పక్కనే పెట్టాడు. "ఇది ఈడనే ఉండనీ, ఎల్లుండి రావల్ల గదా. అంతవరకు ముట్టుకోవాకు."

ముట్టుకోవద్దన్నది నాకు గిట్టలేదు. మధ్యాహ్నం పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. ఆయన తెంపేసినాక మళ్లీ దారం కట్టబుద్ధి కాలేదు. టప్పు, టప్పు. ప్రతి పేపరుకూ పది చుక్కలు. సాయంత్రం నాలుగింటికి నేను లేచి మేడెక్కాను. వాల్వ్ తిప్పాను. ఒకచోట ఆగింది. ఆగింది గనక మూసుకున్నట్టే అనుకున్నాను. సంచిలోంచి ఆయన పానా తీశాను. పిడికి కట్టిన గుడ్డ కూడా తీయలేదు. తీయాలని తోచలేదు.

వాచరు మార్చాలంటే విప్పాల్సింది కొళాయి నెత్తిన, పిడి కింద ఉండే నట్టు. నేను పట్టింది గోడ దగ్గర కొళాయి ఒంటికే ఉండే పలకలు. పానా జారింది, మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. బలం చాలట్లేదని బోర్డు మీద చెప్పినట్టే పిడి చివర పట్టుకుని బరువంతా మోపాను. అప్పుడు తిరిగింది. నాలుగు చుట్లకు కొళాయి మొత్తం ఊడి నా చేతిలోకొచ్చింది. దాని వెనక నీళ్లు వచ్చి నన్ను ఎదురుగోడకు కొట్టాయి.

కొళాయిని తిరిగి పెడదామంటే నీటి వడికి మర అందలేదు. అరచెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ల సందుల్లోంచి సీలింగుకు చిమ్మింది. తడి చీరతో మేడెక్కి వాల్వ్ తిప్పితే అది ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. మళ్లీ కిందికి వచ్చాను. మెట్ల మీద నీళ్లు, వీధిలో నీళ్లు. ఓనరమ్మ గుండెలు బాదుకుంటూ పైకి వచ్చేసరికి ధార సన్నబడి, గురగురమని, ఆగిపోయింది. ట్యాంకు అయిపోయింది. మళ్లీ నీళ్లు రావడానికి రెండు రోజులుంది.

ఆమె గుమ్మం దగ్గర సంచి చూసింది, కింద పడున్న పానా చూసింది. "ఆయప్ప ఏం చేసినాడు?" అంది.

నేను, "పొద్దున వచ్చి తిప్పి చూసి పోయినాడు" అన్నాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇన్నేళ్లుగా నేను చెప్పిన అబద్ధాల్లో అంత పెద్దది మరొకటి లేదు.

ఆమె బిందె పట్టుకుని వీధిలోకి పోయింది. ఎదురింటామె రెండు బిందెలిచ్చింది. పక్కింటివాళ్లు ఒకటి, చివరింటివాళ్లు ఒకటి. మా ఊళ్లో దాచుకున్న నీళ్లు అడిగితే కాదనరు గానీ ఎందుకని అడగకుండా ఇవ్వరు. ప్రతి ఇంట్లోనూ ఆమె కారణం చెప్పింది. నీళ్ల బిందెలు మా ఇంటికి వచ్చాయి, ఆయన పేరు ఇంటింటికీ పోయింది. అలా సీమంతం జరిగింది. కడుపుతో ఉన్న పిల్ల కాళ్లకు పసుపు రాసి కడగడానికి ఎదురింటి నీళ్లే వాడారు.

సీమంతం మర్నాడు చుట్టాలింకా ఉండగానే కబురు పెట్టి ఆయన్ను రప్పించారు. ఓనరమ్మ మెట్ల మీదే నిలబడి అందరి ముందూ తిట్టింది. ఇంత వయసొచ్చింది, సగం పని చేసి పోతావా, ఉసురు తగుల్తాదని, ఇంకా ఏవేవో. ఆయన నాతో పాటు బాత్రూంలోకి వచ్చి ఊడిన కొళాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఇత్తడి పలకల మీద పానా పళ్లు దిగిన గాట్లు, రెండు వరసలు. బొటనవేలితో ఆ గాట్లను తడిమాడు. తర్వాత పానా పిడికి కట్టింది కట్టినట్టే ఉన్న గుడ్డను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

ఆ చూపులో కోపం ఉంటే నాకు సుఖంగా ఉండేది. గోడకు చెవి ఆనించి పైపు వింటాడే, అట్లా చూశాడు. నేను చెబుతానేమోనని ఆగాడు. బయట ఓనరమ్మ అరుస్తూనే ఉంది. నేను నోరు తెరవలేదు.

ఆయన గుమ్మం దాకా పోయి, "నాదే తప్పుమ్మా. సంచి ఈడ పెట్టి పోకూడదు" అన్నాడు.

ఆ మాట ఓనరమ్మకు ఒకలా వినిపించింది, నాకొకలా.

వాల్వ్ కొత్తది వేశాడు. వాచరు మార్చాడు. అదే కొళాయిని బిగించాడు. బిగించే ముందు సంచిలోంచి మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి స్టీలు కప్పు ఒకటి తీసి కొళాయికి గోడవైపు తొడిగాడు. "ఇదెందుకు?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అందానికి" అన్నాడు.

అవసరం లేని మేకు కూడా గోడకు కొట్టని మనిషి అందమనడం నాకు వింతగా తోచింది. అడగలేదు. ఆయన నా చేత మూయించి చూపించకుండా వెళ్లిపోయిన రోజు అదొక్కటే.

ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆయన్ను పిలవలేదు. ఈ ఊళ్లో మనిషికి ఏ మచ్చ అయినా మాసిపోతుంది గానీ నీళ్లు పారబోశాడన్న మచ్చ మాసిపోదు. ఒక్కసారి మాత్రం బస్టాండు దగ్గర ఎదురయ్యాడు. బాగా నల్లబడ్డాడు. సంచి కొత్తది.

"కొళాయి కారతాందామ్మా?"

"లేదు."

"రెండు వేళ్లతోనే మూస్తాండావా?"

"ఊఁ."

"మంచిది" అన్నాడు. నేను 'ఆ దినం...' అన్నాను. ఆయన వెంటనే, "అదిగో, నీ బస్సు కదుల్తాంది, ఎక్కు" అన్నాడు. అది నా బస్సు కాదు. నేను ఎక్కేశాను. రెండో స్టాపులో దిగి వెనక్కి నడిచాను. వచ్చేసరికి ఆయన లేడు. దిగినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

ఇదంతా షాపు నుంచి ఇంటికి వచ్చేలోపు మనసులో తిరిగింది. ఇంటికి రాగానే మేడెక్కి వాల్వ్ తిప్పాను. ఆయన వేసిన వాల్వ్, మెత్తగా తిరిగి మూసుకుంది. అయినా నమ్మలేదు. కొళాయి తెరిచి నీళ్లు పూర్తిగా ఆగేదాకా చూశాను. తువ్వాలు ముక్క తడిపి నెత్తిన నట్టుకు చుట్టాను. కొత్తగా కొన్న పానాతో పట్టి, నిదానంగా ఎడమకు తిప్పాను. ఊడింది. లోపల అరిగిపోయిన వాచరు. గోటితో తీసి కొత్తది పెట్టాను. నిజంగా ఐదు నిమిషాల పనే.

తిరిగి బిగించేటప్పుడు కొళాయి కదలకుండా ఎడమ చేత్తో గోడ దగ్గర పట్టుకున్నాను. స్టీలు కప్పు వదులై ముందుకు జారింది. దాని వెనక నా వేళ్లకు గరుకుగా తగిలింది.

గాట్లు. రెండు వరసలు.

ఐదేళ్లు ఆ కప్పును నేను సబ్బు పెట్టి తోమాను. మెరుస్తూ ఉంటుందని మురిశాను. అది ఆయన నా తప్పు మీద కప్పినది. ఓనరమ్మ ఎప్పుడైనా పైకి వచ్చి చూస్తే అడుగుతుందని, అడిగితే నేను దొరికిపోతానని ఆలోచించాడు. ఇత్తడికి గాయమైతే మానదన్న మనిషి, మానని గాయం ఎవరికీ కనిపించకుండా చేసి పోయాడు. నాకు ఏడుపు వచ్చింది. తడి నేల మీద అట్లాగే కూర్చున్నాను.

తర్వాత కిందికి పోయాను. ఓనరమ్మ చాటలో శనక్కాయలు ఒలుస్తోంది.

"అమ్మా, ఆ దినం ట్యాంకు కాళీ చేసింది కొళాయి ఆయప్ప కాదు. నేను."

"ఏ ట్యాంకు?" అంది.

సీమంతం, బిందెలు, అన్నీ గుర్తు చేయాల్సి వచ్చింది. ఆమె చాట పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి, వంగి, ఆ గాట్లు చూసింది.

"ఆయప్పకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ నా తిట్లు తినెనా?" బాత్రూం గడప మీద కూలబడింది. "పెండ్లిలో చదివింపుల పేర్లు పిల్సినట్ల ఇంటింటికీ పోయి చెప్తి గదమ్మా. ఇప్పుడు యాడికి పోయి ఏమని చెప్పేది?" నా చెయ్యి పట్టుకుని లేచింది. పోతూ పోతూ, "ఆ కప్పు మళ్లా పెట్టెయ్యి. ఎవురన్నా చూస్తే బాగుండదు" అంది.

పెట్టలేదు. తీసి కిటికీలో పెట్టాను.

రెండు రోజులకు నీళ్లొచ్చాయి. వీధంతా గేట్ల ముందే ఉంది. నేనూ బిందె మా గేటు పక్క కొళాయి కింద పెట్టి, ఎదురింటామె దగ్గరికి పోయాను. ఆ రోజు రెండు బిందెలిచ్చిన ఆమె. చెప్పాల్సిన వాళ్లలో ఆమెదే మొదటి ఇల్లు. ఏమని మొదలుపెట్టాలో రాత్రంతా అనుకుని పెట్టుకున్నాను.

"అక్కా, కొళాయి ఆయప్ప లేడా, ట్యాంకు కాళీ చేసినాడని..."

"ఆ, ఆయప్ప. పోయినాడంట గదా" అంది ఆమె నా భుజం మీదుగా చూస్తూ. "చెప్పేది తర్వాత చెప్దువులే. ముందు పోయి నీ బిందె తియ్‌మ్మా, నీళ్లు పోతాండాయి."

పరుగెత్తాను. రెండు వేళ్లతో కొళాయి మూశాను. మూసి, మళ్లీ ఆమె గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను.